నా గుండెకు నేనే పెట్టిన ముహూర్తం

నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి మంచి ఘడియలు చూసిపెట్టడం నా వృత్తి. పెళ్ళికి, గృహప్రవేశానికి, బోరు వేయడానికి, కొత్త బండి చేత నిమ్మకాయలు తొక్కించడానికి, ఆఖరికి ఒకాయన ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకోవడానికి కూడా నేనే ముహూర్తం పెట్టాను. అలాంటి నాకు అరవై రెండో ఏట వచ్చిన జబ్బు ఏంటయ్యా అంటే, గుండెకి వేళాపాళా లేకపోవడం.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. సంకల్పంలో దేశకాలాలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పే నాకు ఆ రెండు ముక్కలూ పలకడానికి వారం పట్టింది. గుండె ఉన్నట్టుండి పరుగు అందుకునేది. కాసేపు పరిగెత్తి, ఒక క్షణం ఏదో మరిచిపోయినదానిలా ఆగి, మళ్ళీ పరిగెత్తేది. మాత్రలు వేశారు. ఒకసారి మత్తిచ్చి కరెంటు షాక్ పెట్టారు. నెల రోజులు బుద్ధిగా ఉండి, మళ్ళీ పాత పాటే.

రోజూ పొద్దున్న నా సంధ్యావందనం కాగానే మా ఆవిడ పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకునేది. డాక్టరు గారు చెప్పిన పని అది. కళ్ళు గోడ గడియారం మీద, పెదాలు కదుపుతూ లెక్క. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయింది కానీ ఇన్నాళ్ళలో నా చెయ్యి ఇంత శ్రద్ధగా పట్టుకున్నది ఇప్పుడే. మధ్యలో ఆపేసి, "లెక్క తప్పిందండి. ఒకటి కొట్టాక ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియట్లేదు" అనేది. మళ్ళీ మొదలుపెట్టేది. నూట ఇరవై, నూట ముప్పై అలా చెప్పేది. నేను "నిన్నటి కంటే నయమే" అనేవాణ్ణి, నిన్న ఎంతో గుర్తు లేకపోయినా.

చైత్రంలో మా ఆవిడ నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది. అక్కడి గుండె డాక్టరు మా పెద్దాడి కంటే చిన్నవాడు. బొమ్మ గీసి చెప్పాడు. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు. పై గదుల్లో ఒకటే గోల. మధ్యలో చిన్న ముడి ఒకటి ఉంది, ఆ గోలనంతా కింది గదులకి చేరవేస్తున్నది అదే. ముందు భుజం కింద పేస్‌మేకర్ పెడతాడట. తరవాత తొడ దగ్గరి నరంలోంచి తీగ పంపి, ఆ ముడిని కాల్చేస్తాడట.

నలభై ఏళ్ళు గృహప్రవేశాలు చేయించినవాణ్ణి, ఇల్లు కాల్చే కార్యక్రమం ఎప్పుడూ చేయించలేదు.

"మరి పై గదుల్లో గోల పోతుందా బాబూ?" అన్నాను.

"పోదండి. మీకు గదులు బాగా సాగిపోయాయి, వాటిని దారిలో పెట్టడం కష్టం. పైన గోల పైనే ఉంటుంది, కిందికి వినపడదు. రక్తం పలచబడే మాత్ర మాత్రం జీవితాంతం వేసుకోవాలండి."

"కింది గదులకి ఎవరు చెప్తారు మరి?"

"పేస్‌మేకరేనండి. ఇక దాని మీదే మీ గుండె నడుస్తుంది."

"అది ఆగితే?"

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. "మీ గుండె సొంతంగా మెల్లగా కొట్టుకోవచ్చు, కొట్టుకోకపోవచ్చు. అందుకే క్రమం తప్పకుండా చూస్తుంటాం, బ్యాటరీ అయిపోకముందే మార్చేస్తాం. కానీ పంతులు గారూ, ఇలాగే పరిగెట్టిస్తే గుండె కండరం బలహీనపడిపోతుంది. ఇప్పటికే కొంత పడింది. ఎక్కువ రోజులు వాయిదా వెయ్యకండి. నేను ఇక్కడికి మంగళవారాలే వస్తాను, ఏదో ఒక మంగళవారం చూసుకోండి."

చూసుకోండి అన్నాడు. పంచాంగం ఉన్నవాడితో అనకూడని మాట అది.

నాకు భయం వేసింది. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను కానీ, అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. తల్లి కడుపులో మొదలైన చప్పుడు, ఎవరూ చెప్పకుండా దానంతట అది నడిచిన చప్పుడు, దాన్ని నా అంతట నేను సంతకం పెట్టి కాల్పించుకోవాలి. తరవాత అగ్గిపెట్టెంత డబ్బా దయ మీద బతకాలి. మామూలు మనిషైతే "నాకు భయంగా ఉంది" అని ఏడుస్తాడు. నేను పండితుణ్ణి కాబట్టి "మూఢం వస్తోందే" అన్నాను.

నిజంగానే మూఢం వచ్చింది. మూఢం వెళ్ళాక ఆషాఢం, శూన్యమాసం. శ్రావణంలో వ్రతాలు, నాకు తీరిక లేదు. భాద్రపదంలో పితృపక్షాలు, ఆ రోజుల్లో ఎవరైనా కోయించుకుంటారా? ఆశ్వయుజంలో ఒక మంగళవారం నాకు అష్టమ చంద్రుడు, ఇంకో మంగళవారం మా ఆవిడకి నైధన తార. "ఆపరేషన్ మీకా నాకా?" అంది. "పసుపుకుంకాలు నీవి కదా" అన్నాను. ఆ ముక్కతో నోరు మూయించానని ఆ పూట సంతోషించాను కూడా. ఎంత వెధవనో ఇప్పుడు తెలుస్తోంది.

మార్గశిరంలో ఒక మంగళవారం నాడు అశ్విని వచ్చింది. భౌమాశ్విని అంటారు, అమృతసిద్ధి యోగం. గృహప్రవేశానికి తప్ప దేనికైనా దివ్యం. అశ్విని అంటే దేవవైద్యుల నక్షత్రం. పైగా ధనిష్ఠలో పుట్టిన నాకు అది సాధన తార. వైద్యానికి ఇంతకంటే గొప్ప రోజు వెతికినా దొరకదు. అది నాకు పంచాంగంలో కార్తీకంలోనే కనిపించింది. గబుక్కున పేజీ తిప్పేశాను.

ఆ కార్తీకంలోనే ఒక ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నాను. వ్రతం చేస్తానని మొక్కుకుని, బిడ్డ పుట్టాక అని, పెళ్ళయ్యాక అని వాయిదా వేసిన వర్తకుడి కథ దగ్గరికి వచ్చాను. ఎన్ని వేలసార్లు చెప్పానో ఆ కథ. వాయిదా వేసినవాళ్ళ గతి ఏమవుతుందో వేలెత్తి చూపిస్తూ చెప్పడం నా ప్రత్యేకత. ఆ రోజు వేలెత్తాను, ఊపిరి అందలేదు. పీట మీదే పక్కకి ఒరిగాను. యజమాని భార్య కలశంలో నీళ్ళు నా మొహం మీద చల్లింది. మిగతా కథ వాళ్ళబ్బాయి ఫోన్లో పెట్టి వినిపించాడు, నా కంటే బాగానే చెప్పిందట ఫోను.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే జాగ్రత్తగా ఉండాలని ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం చెప్పాలి. నేను పట్టించుకోలేదు.

వారం తరవాత, ఉప్పాడలో చీర చూసుకొస్తానని పొద్దున్నే బస్సెక్కింది. మా ఊరికి ఒకపక్క అన్నవరం కొండ, ఇంకోపక్క ఉప్పాడ సముద్రం, రెండూ అరగంట దూరమే. చీరే కదా అనుకున్నాను. పదిన్నరకి ఫోను మోగింది. ఉప్పాడలో బోటు యజమాని భార్య. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటికి నేనే పురోహితుణ్ణి. ఏటా బోటు సముద్రంలోకి దింపే రోజు నేనే చెప్తాను. వాళ్ళకి మూడుసార్లు గృహప్రవేశం చేయించాను. ఒడ్డు కోసుకుపోయి మొదటి రెండు ఇళ్ళూ ఇప్పుడు సముద్రంలో ఉన్నాయి. నేను పెట్టిన ముహూర్తాల బలం అలాంటిది. అయినా మూడోసారీ నన్నే పిలిచారు, మంచివాళ్ళు.

"పంతులు గారండీ, దణ్ణవండి. మా ఆయనకి గుండి ఆపరేసనంటండి."

"అయ్యయ్యో, ఏంటమ్మా, ఎప్పటి నుంచి?"

"సానాళ్ళ నుంచండి. డాట్రు గారు మంగళారవే వత్తారంట. ఏ మంగళారం మంచిదో సూసి సెప్పండి. దనిష్ఠ నచ్చత్రవండి, కుంబరాసి."

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. ఆ బోటు యజమాని ఏ రోజు పుట్టాడో వాళ్ళ అమ్మకే తెలియదు. తుఫానుకి ముందో వెనకో అంటారు. ముప్పై ఏళ్ళుగా పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూస్తున్నాను ఆయనకి, అది ధనిష్ఠ కానే కాదు. ఈవిడ నా నక్షత్రం, నా రాశి, నా జబ్బు, నా మంగళవారం చెప్తోంది. నా బుర్రకి ఏమీ తట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని హుషారుగా పంచాంగం తెరిచాను.

"భయపడకమ్మా. శస్త్రానికి మంగళవారమే మంచిది. జనం తెలియక జంకుతారు కానీ కుజుడి వారం కత్తికి ఎదురుండదు. ఇదిగో, వచ్చే మంగళవారమే భౌమాశ్విని. తారాబలం, చంద్రబలం రెండూ ఉన్నాయి. పదకొండూ పది. రాసుకో."

"మళ్ళీ నెల్లో పెట్టుకుంటే బాగోదాండీ?"

"వైద్యానికి మళ్ళీ నెలేంటమ్మా!" గొంతు పెంచాను. యజమానుల దగ్గర నాకు గొంతు బాగా లేస్తుంది. "ఆలస్యం అమృతం విషం అన్నారు. మీ ఆయన వాయిదా వేస్తున్నాడా? వినకు."

"బయ్యవండి ఆయనకి. బేటరీ మీద బతకాలంట."

"ఏం, మీ బోటు దేని మీద నడుస్తోంది? ఇంజిను మీద కాదూ? తెడ్లు వేసుకునే వెళ్తున్నాడా సముద్రంలోకి? ఇంజిను పెట్టించుకున్నప్పుడు నేనే కదా కొబ్బరికాయ కొట్టింది! ఇంజిను మీద పాతిక మైళ్ళు పోయి రాగలిగినవాడు బ్యాటరీ మీద బతకలేడా? మొగుణ్ణి రెక్క పట్టుకుని తీసుకెళ్ళు. పంతులు గారు చెప్పారని చెప్పు."

అవతల గాజుల చప్పుడు వినపడింది. తరవాత మా ఆవిడ గొంతు వచ్చింది.

"విన్నానండి. స్పీకర్లోనే ఉంది. వచ్చే మంగళవారం, పదకొండూ పది. ఆస్పత్రికి నేను ఫోన్ చేస్తాను."

వెనకాల ఆ బోటావిడ నవ్వుతోంది. ఆవిడ మొగుడు కూడా నవ్వుతున్నాడు, నిక్షేపంలా.

సాయంత్రం మా ఆవిడ ఒట్టి చేతులతో బస్సు దిగింది. చీర ఏదే అంటే, "బాగయి ఇంటికొచ్చాక కొంటానండి" అంది. నేను పెట్టిన ముహూర్తాన్ని నేనే కాదంటే పదూళ్ళలో పరువు పోతుంది. అందులోనూ ఉప్పాడ ఒడ్డున మాట పుడితే చేపల బుట్టలతో పాటు ఊరూరా తిరుగుతుంది. కాబట్టి ధైర్యం రాలేదు కానీ, బయల్దేరక తప్పలేదు.

మంగళవారం పొద్దున్నే ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాను. ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు లేవు. ఏ ఏకాదశికీ అంత నిష్ఠగా ఉపవాసం లేను. ఛాతీ గొరిగారు, గజ్జల్లో గొరిగారు. దేవుడికి తలనీలాలు ఇచ్చాను గానీ ఇలాంటివి ఎవరికీ ఇవ్వలేదు. పదకొండు అయింది. పదకొండూ పది అయింది. నా అమృతసిద్ధి యోగం నా కళ్ళ ముందే దాటిపోయింది, ఎవరూ పిలవలేదు.

ఎవరికో గుండెపోటు వస్తే అంబులెన్సులో తెచ్చారట. సరిగ్గా పదకొండూ పదికి ఆయన్ని నా బల్ల ఎక్కించారట. తరవాత ఇంకొకరెవరో. నన్ను తీసుకెళ్ళే బండి వచ్చేసరికి మూడూ అయిదు.

మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఈ సంగతి తెలియడానికి పురోహితుడే కానక్కర్లేదు, గోడ మీద క్యాలెండరు ఉంటే చాలు.

"నేను రాను" అన్నాను. మంచం కమ్మీ పట్టుకున్నాను. అరవై రెండేళ్ళవాణ్ణి, వెనకాల ముడులు ఊడిపోతున్న ఆకుపచ్చ గౌనులో, నర్సుల ముందు. "నాలుగున్నర దాటాక వస్తాను. లేదా వచ్చే మంగళవారం."

నర్సు మా ఆవిడ వంక చూసింది. నేనూ చూశాను. వచ్చే మంగళవారం అన్నానంటే ఇక రానని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. ఈసారి పంచాంగం నిజంగానే నా పక్షాన ఉంది.

ఆవిడ వచ్చి కమ్మీ మీంచి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"మీ ముహూర్తం వృథా పోలేదండి. అంబులెన్సులో వచ్చినాయనకి పనికొచ్చింది. బతికాడట, ఇప్పుడే చెప్పారు. మీ పని అదే కదా, ముహూర్తం మీరు పెడతారు, శుభం వాళ్ళకి జరుగుతుంది." ఆ తరవాత గొంతు తగ్గించింది. "నాకు ఈ టైము చాలండి. వెళ్ళండి."

వెళ్ళాను. వెళ్ళాను అంటున్నాను గానీ, తోసుకెళ్ళారు.

లోపల చలి. పూర్తి మత్తు లేదు, మగతగా ఉంచారు. ఎడమ భుజం కింద కోసి డబ్బా అమర్చారు, తొడలో గుచ్చి తీగ పంపారు. ఇలాంటి సమయంలో స్మరించుకోవడానికి నా దగ్గర ఎన్ని మంత్రాలున్నాయో లెక్కలేదు. ఆపదలకి ఉన్నాయి, ఆయుష్షుకి ఉన్నాయి, అన్నీ ఇతరులకి చదివినవే. నా వంతు వచ్చేసరికి ఒక్కటీ రాలేదు. నోటికి వచ్చింది, వ్రతాలవాళ్ళకి రాసిచ్చే సామాను జాబితా. పసుపు పావుకిలో, కుంకం వంద గ్రాములు, తమలపాకులు వంద, వక్కలు, ఖర్జూరాలు. "కొబ్బరికాయలు పదకొండు" అని పైకే అన్నానని నర్సు తరవాత చెప్పింది.

"ఇప్పుడు కాలుస్తున్నామండి" అన్నాడు డాక్టరు.

గుండెల్లో కాస్త వెచ్చగా అనిపించింది. అంతకంటే పెద్దగా ఏమీ లేదు. తెర మీద ఇన్నాళ్ళూ అడ్డదిడ్డంగా పరిగెత్తిన గీత ఒక్కసారిగా వరసలో పడింది. పెళ్ళిళ్ళలో భోజనాల బంతిలో ఆకులు వేసినట్టు, ఒకదాని తరవాత ఒకటి, సమానమైన దూరంలో. "అయిపోయిందండి. పేస్‌మేకర్ మీద నడుస్తోంది" అన్నాడు. ఎనిమిది నెలలు వాయిదా వేసిన పని, ఆ కాల్చడం మటుకు, అప్పడం వేయించినంతసేపు పట్టలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడకి నన్ను ఐసీయూ అద్దంలోంచి చూపించారట. మెడ దాకా దుప్పటి ఉంది. మర్నాడు పొద్దున్న నర్సు ఒళ్ళు తుడిచి కట్టు చూసింది. జంధ్యం ఎడమ భుజం మీంచి సరిగ్గా కుట్లకి రాసుకుంటోంది. "తీసెయ్యనా తాతగారూ?" అంది. వద్దన్నాను. పాపం ఆ పిల్ల, నొప్పి పుట్టకుండా దాన్ని తీసి కుడి భుజం మీద వేసి వెళ్ళింది.

ఎవరి జంధ్యం ఎటుందో వీధి చివర నుంచి చెప్పగలను నేను. ఎడమ భుజం మీద ఉంటే మామూలు. కుడి భుజం మీదికి మార్చేది పితృదేవతలకి, తద్దినం పెట్టేటప్పుడు, అపరకర్మలు చేసేటప్పుడు. యజమానులని "సవ్యం, అపసవ్యం" అంటూ అదిలించి మార్పించడంలోనే నా జీవితం సగం గడిచింది. ఆ రోజు నా భుజం నేను చూసుకోలేదు.

పన్నెండు దాటాక మా ఆవిణ్ణి లోపలికి రానిచ్చారు. తలుపు దగ్గరే ఆగిపోయింది. చేతిలో ఫ్లాస్కు ఉంది. నా మొహం చూడలేదు, భుజం చూసింది. నిన్న నా వేళ్ళు ఊడదీసిన మనిషి, బోటావిడతో కలిసి నాటకం ఆడిన మనిషి, గోడకి చేరబడి ఏడవడం మొదలుపెట్టింది. నేను కంగారుపడ్డాను.

"ఏమైందే? బానే ఉన్నాను కదా!"

"అది... అటుందేంటండీ" అంది.

అప్పుడు చూసుకున్నాను. నవ్వొచ్చింది. నర్సు వేసిందే పిచ్చిదానా అని చెప్పబోతున్నాను. ఆవిడ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఎనిమిది నెలలండి. మీరు అక్కడ కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతుంటే, నాకు రోజూ ఇదే కనపడేది. మన పెద్దాడు జంధ్యం కుడి భుజం మీద వేసుకుని కూర్చున్నట్టు. ఎవరితో చెప్పుకోను? మీతో అంటే అశుభం మాట్లాడకంటారు."

నాకు సిగ్గేసింది. నా భయానికి పంచాంగం అడ్డం పెట్టుకున్నాను. ఆవిడకి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు. భయమంతా ఒట్టి చేతులతో మోసింది, రోజూ పొద్దున్నే వచ్చి ఆ చేతులతోనే నా నాడి పట్టుకుంది. నేను "నిన్నటి కంటే నయమే" అన్నాను.

కొంగుతో కళ్ళు తుడుచుకుని, జంధ్యాన్ని కుడి భుజం మీంచి మెల్లగా తీసింది. ఎడమకి వెయ్యబోతే కుట్లు అడ్డం. ఎటు వెయ్యాలో తోచక నా వంక చూసింది. "దండలా మెళ్ళో వెయ్యి. అదీ శాస్త్రంలో ఉంది" అన్నాను. వేసింది. ఈ మనిషి నా మెళ్ళో దండ వేసి ముప్పై ఎనిమిదేళ్ళయింది.

తరవాత అలవాటు ప్రకారం నా మణికట్టు అందుకుంది. కళ్ళు గోడ గడియారం వైపు తిరిగాయి. పెదాలు కదిలాయి. ఒక్కసారి కూడా ఆగలేదు, వెనక్కి వెళ్ళలేదు.

"ఎనభై అండి."

"సరిగ్గా చూడు."

మళ్ళీ చూసింది. "ఎనభయ్యేనండి."

డబ్బాని ఎనభై మీదే పెట్టామని, అది ఎన్నిసార్లు చూసినా అంతే ఉంటుందని డాక్టరు నాతో చెప్పాడు. ఆ మాట ఆవిడతో అనలేదు. గడియారంలో పన్నెండున్నర. బుధవారం, రాహుకాలం నడుస్తోంది. అదీ అనలేదు.

"ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూడు" అన్నాను, చెయ్యి అక్కడే ఉంచి.